డామినో బిళ్ళలతో ఆ ఒక్క ఆటేనా, ఇంకేమైనా చేయొచ్చా?

ఖాళీ_గడి

ఇంట్లో డామినో సెట్ ఒకటి ఉంది, మామూలుదే, సున్నా నుంచి ఆరు దాకా చుక్కలుండే 28 బిళ్ళల పెట్టె. పిల్లలిద్దరికీ ఆట నేర్పాను. తలా ఏడు బిళ్ళలు పంచుకోవడం, చుక్కలు కలిస్తే వేయడం, కలవకపోతే గుట్టలోంచి తీసుకోవడం, చేతిలోవి ఎవరికి ముందు అయిపోతే వాళ్ళు గెలిచినట్టు. కొన్నాళ్ళు బాగానే ఆడారు. ఇప్పుడు పెద్దాడు "ఇందులో ఆలోచించడానికి ఏముంది, బిళ్ళ ఉంటే వేస్తాం లేకపోతే లేదు, అంతా లక్కే కదా" అంటున్నాడు. చిన్నది అసలు ఆటకే రాదు, వాటిని వరసగా నిలబెట్టి పడగొట్టడమే దానికి ఇష్టం, అదీ సగంలో మోచెయ్యి తగిలి కూలిపోతే ఏడుపు.

ఇది నిజంగా అంత తేలికపాటి ఆటేనా, లేక మేం ఆడే పద్ధతిలో ఏదైనా తక్కువైందా? ఆట కాకుండా ఈ బిళ్ళలతో ఇంకేమేం చేస్తారో కూడా చెప్పండి. యూట్యూబ్‌లో లక్షల బిళ్ళలు కూల్చేవాళ్ళని చూశాను, అంత స్థలమూ లేదు ఓపికా లేదు. ఈ ఒక్క పెట్టెతో అయ్యేవి కావాలి.

పాస్_అన్నాను

మీ అబ్బాయి అన్నది సగం నిజమే. ఇద్దరే ఆడుతూ 14 బిళ్ళలు గుట్టలో బోర్లా పడి ఉంటే ఎవరి దగ్గర ఏముందో ఊహించడానికి పెద్దగా ఆధారం ఉండదు, అప్పుడది లక్ కాక ఇంకేమవుతుంది. నలుగురు కూర్చుని ఆడి చూడండి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు, తలా ఏడు పంచితే 28 సరిపోయాయి, ఇక గుట్ట లేదు, వేయగలిగితే వేయాలి లేకపోతే పాస్. ఈ ఒక్క మార్పుతో వేరే ఆట అయిపోతుంది, ఎందుకంటే కనిపించని ప్రతి బిళ్ళా ఇప్పుడు ఎవరో ఒకరి చేతిలో ఉంది.

ఆ తర్వాత గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటే. ఏ అంకె అయినా సరిగ్గా ఏడు బిళ్ళల మీదే ఉంటుంది. నాలుగు తీసుకోండి: 4-0, 4-1, 4-2, 4-3, 4-4, 4-5, 4-6, అంతే, ఎనిమిదో బిళ్ళ లేదు. మీ చేతిలో మూడు ఉన్నాయి, బల్ల మీద రెండు పడ్డాయి, అంటే మిగతా ముగ్గురి దగ్గరా కలిపి రెండే. ఇప్పుడు మీ కుడి పక్క మనిషి పాస్ అన్నాడనుకోండి, ఆ క్షణంలో రెండు కొసల్లో ఏ అంకెలు ఉన్నాయో చూసి పెట్టుకోండి, ఆ రెండు అంకెలూ ఆయన దగ్గర లేవు, ఆ ఆట ముగిసేదాకా రావు కూడా. అక్కణ్ణుంచి ఆయన వంతు వచ్చేసరికి ఆ అంకెలే కొసల్లో ఉండేలా చూడటం మీ పని. కొత్తగా ఆడేవాళ్ళు ఎదుటివాళ్ళు ఏం వేశారో చూస్తారు, ఆడి ఆడి ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళు ఏం వేయలేకపోయారో చూస్తారు.

జోడు బిళ్ళలు (5-5, 6-6 లాంటివి) వీలైనంత త్వరగా వదిలించుకోవాలి. మామూలు బిళ్ళకి రెండు దారులుంటాయి, జోడుకి ఒకటే. మీ పార్ట్‌నర్ మొదట ఏ అంకె తెరిచారో అది ఆయన దగ్గర ఎక్కువ ఉన్నట్టు లెక్క, మీకు అర్జెంటుగా అవసరం లేకపోతే ఆ కొస మూయకండి. దీని మీదే పార్ట్‌నర్ల మధ్య గొడవలన్నీ.

ఇంకొక సంగతి, చాలాకాలం ఆడినవాళ్ళు కూడా గమనించరు. ఒక అంకెవి ఏడు బిళ్ళలూ బల్ల మీద పడిపోయాయి, ఒక కొసన ఆ అంకే ఉంది, అంటే రెండో కొసన కూడా అదే ఉండి తీరాలి. ఏడు బిళ్ళల మీద ఆ అంకె మొత్తం ఎనిమిది సార్లు వస్తుంది (జోడులో రెండు సార్లు), మధ్యలో కలిసినవన్నీ జంటలు జంటలుగా పోతాయి, కొసన ఒకటి మిగిలితే దానికి తోడు ఇంకో కొసనే ఉండాలి. ఇక ఎవరూ ఏమీ వేయలేరు, ఆట కట్టయిపోవడం అంటే ఇదే. కట్టయితే చేతుల్లో మిగిలిన చుక్కలు లెక్కపెట్టి తక్కువ ఉన్న జట్టు గెలుస్తుంది. కాబట్టి మీ చేతిలో చుక్కలు తక్కువగా ఉన్నప్పుడు కావాలనే కట్టేయొచ్చు, ఎక్కువ ఉన్నప్పుడు ఆ ఏడో బిళ్ళని చేతిలో దాచుకుని కట్టుపడకుండా ఆపొచ్చు. ఇది అర్థమయ్యాక కూడా మీవాడు లక్ అంటే అప్పుడు చూద్దాం.

ఇద్దరే ఉన్నప్పుడు అయిదుల ఆట ఆడండి. బిళ్ళ వేశాక రెండు కొసల చుక్కలు కూడితే అయిదుతో భాగించబడే సంఖ్య రావాలి, వస్తే అన్ని పాయింట్లు. మొదట 6-4 పడింది, పది పాయింట్లు. తర్వాతివాళ్ళు ఆరు పక్కన 6-1 పెడితే కొసలు 4, 1, కాబట్టి అయిదు పాయింట్లు. జోడుని అడ్డంగా పెడతాం, అది కొసన ఉన్నంతసేపు రెండు వైపులా లెక్కలోకి వస్తుంది. కూడికలు వద్దన్నా వచ్చేస్తాయి.

నిలబెట్టేవాడు

పై సమాధానం బాగుంది కానీ చిన్నమ్మాయిని మర్చిపోయారు. నేను దాని తరఫున మాట్లాడతాను.

ముందు మీ బిళ్ళల అంచులు చూడండి. ఆడుకునే సెట్లలో చాలావాటికి అంచులు గుండ్రంగా ఉంటాయి, చేతికి హాయిగా ఉంటుంది కానీ పొట్టి అంచు మీద నిలబెడితే ఊగుతాయి. పడగొట్టడం కోసం చేసేవాటికి అడుగు చదునుగా ఉంటుంది. మీవి ఊగే రకమైతే తివాచీ మీద అసలు వద్దు, గట్టి నేల మీదో బల్ల మీదో పెట్టండి.

ఏడుపుకి మందు ఉంది. వరస మొత్తం ఒకేసారి కలపకూడదు. ఐదారు బిళ్ళలకి ఒకసారి రెండు బిళ్ళలు పట్టేంత ఖాళీ వదిలేసి ముందుకు పోవాలి, అంతా నిలబెట్టాక చివర్లో ఆ ఖాళీలు నింపాలి. మోచెయ్యి తగిలినా ఆ ముక్క వరకే పోతుంది. పెద్దపెద్దవాళ్ళు చేసేది కూడా ఇదే. 2005లో నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్‌లో డామినో డే అనే కార్యక్రమం కోసం 40 లక్షలకు పైగా బిళ్ళలు నిలబెడుతుంటే హాల్లోకి ఒక పిచ్చుక దూరి 23,000 బిళ్ళలు కూల్చేసింది, దాదాపు 750 చోట్ల ఖాళీలు వదిలి ఉండబట్టి అక్కడితో ఆగింది. ఆ పిచ్చుకని కాల్చి చంపారు, దాని మీద దేశమంతా గొడవైంది, ఇప్పుడు అది రోటర్‌డామ్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో డామినో పెట్టె మీద కూర్చుని ఉంది. 2009లో అదే ఊళ్ళో 44,91,863 బిళ్ళలు పడగొట్టి రికార్డు పెట్టారు. చంపడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దూరం సంగతి. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ఎత్తులో సగం కన్నా తక్కువ ఉంచండి, వంపుల దగ్గర ఇంకా దగ్గరగా. మొదటి బిళ్ళని గట్టిగా తోస్తే వరస వేగంగా పడుతుందనుకుంటారు పిల్లలు, అలా జరగదు. కొన్ని బిళ్ళలు దాటగానే వేగం ఒక దగ్గర స్థిరపడిపోతుంది, మీరు వేలితో తాకినా చేత్తో కొట్టినా ఒకటే. ఎందుకంటే పడే ప్రతి బిళ్ళా తన సొంత శక్తితో పడుతోంది, మీరు నిలబెట్టినప్పుడే ఆ శక్తి అందులో పెట్టేశారు, తోపు వట్టి మీట. రెండు వరసలు పెట్టి, ఒకటి దగ్గరదగ్గరగా ఒకటి దూరందూరంగా, ఏది ముందు పూర్తవుతుందో పందెం వేసుకోమనండి.

28తోనే అవ్వాలన్నారు కాబట్టి ఇంకొకటి. చిన్న బిళ్ళ తన కన్నా పెద్దదాన్ని పడగొట్టగలదు. లోర్న్ వైట్‌హెడ్ అనే భౌతికశాస్త్రవేత్త 1983లో దీని మీద రాశాడు, పొడవు, వెడల్పు, మందం అన్నీ ఒకటిన్నర రెట్లు పెంచుకుంటూ పోవచ్చని. మీ డామినో 5 సెంటీమీటర్లు అనుకుంటే, దాని నుంచి లెక్కపెడితే పదోది దాదాపు 1.9 మీటర్లు, అంటే మనిషిని మించిన ఎత్తు, బరువేమో మొదటి దానికి 56 వేల రెట్లు పైమాటే. ఇంట్లో అంత వద్దు కానీ డామినో తర్వాత అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, తర్వాత సన్నటి పుస్తకం, తర్వాత లావు నిఘంటువు, ఇలా ఓ నాలుగైదు మెట్లు చేస్తే చాలు, ఒక్క వేలితో నిఘంటువు ధడేల్‌మని పడుతుంది. పెద్దాడు కూడా వచ్చి కూర్చుంటాడు చూడండి.

ఊరికే_చదువరి

నిలబెట్టేవాడు గారూ, మీరు చెప్పినదాంట్లో చుక్కల పని ఎక్కడుంది? ఏ చెక్క ముక్కలైనా పడతాయి కదా. డామినో సెట్ కొని దాన్ని ఇటుకల్లా వాడటం అంటే నిఘంటువుని బరువు కోసం వాడినట్టే (అది కూడా మీరే వాడించారు).

నిలబెట్టేవాడు

ఒప్పుకుంటాను, చుక్కల పని లేదు. అందుకే మేం కొనేవాటి మీద చుక్కలు కూడా ఉండవు, రంగులే. అయినా ఇటుక అని తీసిపారేయకండి. 2012లో మాంచెస్టర్‌లో మ్యాట్ పార్కర్ అనే గణితజ్ఞుడు ఇంకొందరితో కలిసి పదివేల బిళ్ళలతో కూడికలు చేసే కంప్యూటర్ కట్టాడు. వరస పడితే ఒకటి, పడకపోతే సున్నా. రెండు వరసలు వచ్చి ఒకే వరసలో కలిస్తే "ఇదో అదో" అన్న తర్కం, ఏది పడినా ముందుకు పోతుంది. ఒక వరస పడుతూ పక్క వరసలోని బిళ్ళని ముందే పడేసి దారి తెంపేస్తే "ఇది ఉంటే అది వద్దు" అన్న తర్కం. ఈ రెండూ మీ 28 బిళ్ళలతో బల్ల మీద కట్టి చూపించొచ్చు. మొత్తం కూడిక యంత్రమే కావాలంటే వేలల్లో కావాలి, ఒకసారి లెక్క చేయగానే మళ్ళీ మొదటి నుంచి నిలబెట్టుకోవాలి, అది వేరే బాధ.

లెక్కల_పంతులు

ఊరికే_చదువరి గారి పక్షమే నేను. డామినో సెట్‌లో అసలు అందమంతా ఏమిటంటే అది నిండు సెట్. ఏడు అంకెల్లోంచి ఏ రెండిటిని తీసుకున్నా ఆ జత ఒక్కసారి ఉంటుంది, రెండోసారి ఉండదు, ఏదీ తప్పిపోదు. బడిలో నేను దీన్ని ఎన్ని రకాలుగా వాడానో చెప్తే పెద్ద వ్యాసం అవుతుంది, ముఖ్యమైనవి రాస్తాను.

మొదటిది గారడీ. పెట్టెలోంచి జోడు కాని బిళ్ళ ఒకటి ఎవరూ చూడకుండా తీసి జేబులో వేసుకోండి, 5-2 అనుకుందాం. మిగతా 27 బిళ్ళలూ అంకెలు కలిసేలా ఒకే వరసలో పేర్చమని పిల్లలకి చెప్పి బయటికి పోండి. మధ్యలో ఇరుక్కుంటే సర్దుకుని అన్నీ పట్టేలా చేయాలి, అదొక్కటే షరతు. వాళ్ళు పేర్చడం అయిపోయాక లోపలికి రాకుండానే "ఒక కొసన అయిదు, ఇంకో కొసన రెండు" అని చెప్పండి. ప్రతిసారీ తప్పకుండా కుదురుతుంది. వాళ్ళు ఎలా అని ప్రాణం తీస్తారు, కనీసం ఒక రోజైనా చెప్పకండి.

కారణం పాస్_అన్నాను గారు పైన చెప్పిన లెక్కే. జోడులు పక్కన పెడితే ఒక్కో అంకె ఆరు బిళ్ళల మీద ఉంటుంది, ఆరు సరి సంఖ్య కాబట్టి అన్నీ జంటలుగా కలిసిపోతాయి, 28 బిళ్ళలూ వాడితే వరస రెండు కొసలూ ఒకే అంకెతో వచ్చి ఉంగరంలా మూసుకుంటుంది. 5-2 తీసేస్తే అయిదులూ రెండులూ బేసి అయిపోతాయి, ఆ బేసివి కొసల్లో తేలక తప్పదు. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితజ్ఞుడు కోనిగ్స్‌బర్గ్ వంతెనల చిక్కుని (ఊళ్ళోని ప్రతి వంతెననీ ఒక్కసారే దాటుతూ తిరిగి రాగలమా అన్నది) విప్పింది ఈ సరి బేసి తర్కంతోనే. ఏడు చుక్కలు బోర్డు మీద వేసి, ఒక్కో బిళ్ళనీ రెండు చుక్కల మధ్య గీతగా గీస్తే, పెన్సిల్ ఎత్తకుండా అన్ని గీతలూ గీయగలమా అన్న ప్రశ్న, ఈ గారడీ ఒకటే.

రెండోది చట్రాలు. నాలుగు బిళ్ళలతో మధ్యలో ఒక గడి ఖాళీ ఉండే చతురస్రం కట్టాలి, ఒక్కో పక్కకి మూడు గళ్ళు, నాలుగు పక్కల మొత్తమూ సమానం కావాలి. ఒకటి నేనే ఇస్తాను: పైన ఎడమ మూల నుంచి కుడికి 1, 5, 3, అక్కణ్ణుంచి కిందికి 3, 2, 4, అడుగున కుడి నుంచి ఎడమకి 4, 3, 2, మళ్ళీ పైకి 2, 6, 1. అన్ని పక్కలా తొమ్మిదే. వాడిన బిళ్ళలు 1-5, 3-2, 4-3, 2-6. ఇలాంటివి 28 బిళ్ళలతో ఒకేసారి ఏడు చట్రాలు కట్టమనండి, ఒక్కో చట్రం మొత్తం వేరుగా ఉన్నా పర్లేదు. మీ పెద్దాడు ఆ సాయంత్రం ఫోన్ అడగడు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం, ఒక్కరే ఆడుకోవచ్చు. 28 బిళ్ళలంటే 56 గళ్ళు, అంటే ఎనిమిది నిలువు వరసలు ఏడు అడ్డు వరసల దీర్ఘచతురస్రం సరిగ్గా పడుతుంది. బిళ్ళలు అడ్డంగా నిలువుగా ఎలాగోలా ఇరికించి పేర్చండి, ఆ అంకెలు మాత్రం కాగితం మీద గళ్ళలో రాసుకోండి, బిళ్ళల సరిహద్దులు గీయకండి. తర్వాత బిళ్ళలు కలిపేసి కాగితం ఇంకొకరికి ఇవ్వండి, ఏ రెండు గళ్ళు కలిస్తే బిళ్ళో కనిపెట్టి మళ్ళీ అలాగే పేర్చాలి. దీన్ని డామినోసా అంటారు, కంప్యూటర్లో కూడా దొరుకుతుంది. మొదలుపెట్టే కిటుకు, కాగితం మొత్తం మీద ఒకే ఒక్క చోట పక్కపక్కన వచ్చిన జత ఏదైనా ఉందా అని వెతకడం. 6-6 ఒక్క చోటే కనబడిందంటే అది ఖాయం, దాని చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటే తేలుతాయి. ప్రతి జతా ఒక్కసారే ఉంటుంది అన్న నియమం లేకపోతే ఈ పజిలే లేదు, ఇందాక నేను నిండు సెట్ అన్నది అందుకే.

చిన్నమ్మాయికి భిన్నాలు వచ్చే వయసైతే జోడులూ ఖాళీలూ తీసేయండి, 15 బిళ్ళలు మిగులుతాయి, చిన్న అంకె పైన పెట్టి 1/2, 3/4, 5/6 అని చదువుతూ చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరస పేర్చాలి. 1/2, 2/4, 3/6 ఒకే చోట కుప్పపడటం చూసినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి.

చుక్కలు వద్దు అనుకుంటే ఇటుకగా కూడా లెక్కలున్నాయి లెండి. చదరంగం బల్లలో ఎదురెదురు మూలల్లోని రెండు గళ్ళు తీసేస్తే 62 మిగులుతాయి, రెండేసి గళ్ళు కప్పే 31 బిళ్ళలతో దాన్ని నింపగలరా? నింపలేరు. ఎదురెదురు మూలలు రెండూ ఒకే రంగు, ప్రతి బిళ్ళా ఒక తెలుపునీ ఒక నలుపునీ కప్పుతుంది, కానీ మిగిలినవి ఒక రంగువి 30, ఇంకో రంగువి 32. మూలలు తీయకుండా నిండు బల్లని నింపాలంటే మాత్రం 1,29,88,816 రకాలుగా నింపొచ్చు.

ఛందస్సు తెలిసినవాళ్ళకి ఇంకో ముక్క. రెండు గళ్ళ ఎత్తుండే పట్టీని బిళ్ళలతో నింపుతున్నాం. నిలువుగా ఒక బిళ్ళ పెడితే ఒక గడి పొడవు పోతుంది, అది లఘువు. అడ్డంగా పెడితే ఒకదాని మీద ఒకటి రెండు పెట్టాల్సిందే, రెండు గళ్ళు పోతాయి, అది గురువు. అయిదు గళ్ళ పట్టీని ఎన్ని రకాలుగా నింపొచ్చంటే అయిదు మాత్రలని లఘువు గురువులతో ఎన్ని రకాలుగా చేయొచ్చో అన్ని: ఎనిమిది. వరసగా 1, 2, 3, 5, 8, 13 అని పోతుంది. ఫిబొనాచీ పేరుతో ఉన్న ఈ వరసని ఆయన కన్నా ముందే విరహాంకుడూ హేమచంద్రుడూ మాత్రలు లెక్కపెడుతూ చెప్పారు.

ఖాళీ_గడి

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. గారడీ చేశాను, పెద్దాడు ఇప్పటికీ నేను తలుపు సందులోంచి చూశాననే అంటున్నాడు. వాడే ఒక ప్రశ్న అడిగాడు, తొమ్మిది చుక్కల దాకా ఉండే పెద్ద సెట్‌తో కూడా ఇది కుదురుతుందా అని. కొందామనుకుంటున్నాం.

ఇంకొకటి, చిన్నది సంగీతం నేర్చుకుంటోంది, లెక్కలంటే పారిపోతుంది. దానికి ఏదైనా ఉందా?

జంట_వరుస

సంగీతం అన్నారు కాబట్టి నేను. సున్నా నుంచి ఆరు దాకా ఏడు అంకెలు, మనకి ఏడు స్వరాలు. సున్నాకి స, ఒకటికి రి, అలా ఆరుకి ని. ఇక ఒక్కో బిళ్ళా రెండు స్వరాలు. ఇంట్లో మేం ఇలాగే ఆడతాం, బిళ్ళ వేసినవాళ్ళు దాన్ని పాడాలి, శ్రుతి తప్పితే బిళ్ళ వెనక్కి.

చిత్రమేమిటంటే మొదటి పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. 0-1, 1-2, 2-3 ఇలా పక్కపక్కవి సరళి వరుసలు. జోడు బిళ్ళలు, సస, రిరి, గగ, ఇవి జంటలు. దూరం దూరంగా ఉన్న 0-4, 1-5 లాంటివి దాట్లు. 0-6 ఒక్కటి మేం ని నుంచి పై స కి వెళ్ళినట్టు పాడుకుంటాం. వరస పేర్చాక కలిసే చోట ఒకే స్వరం రెండుసార్లు వస్తుంది కదా, దాన్ని ఒక్కటిగా సాగదీసి పాడితే పాటకి కాస్త నడక వస్తుంది. 0-2, 2-4, 4-4, 4-6 పడ్డాయనుకోండి, స గా పా ని, మధ్యలో పంచమం జోడు బిళ్ళ వల్ల ఇంకా సాగుతుంది. మాయామాళవగౌళలో మొదలుపెట్టండి, పిల్లకి అలవాటైనదే. తర్వాత మూడూ ఆరూ ఉన్న బిళ్ళలన్నీ తీసేస్తే 15 మిగులుతాయి, అయిదు అంకెలు, అయిదు స్వరాల మోహనకి సరిపోయాయి: స రి గ ప ద.

వచ్చే వరసలన్నీ బాగుంటాయని చెప్పను. చాలావరకు రాగం పోకడ ఉండదు, వట్టి స్వరాల కుప్ప. కానీ ఎందుకు బాగాలేదో, ఏ బిళ్ళ మారిస్తే బాగుంటుందో పిల్లలు మాట్లాడటం మొదలుపెడతారు, నాకు కావాల్సింది అదే.

ఊరికే_చదువరి

ఇది చదివాక నాకో ఆలోచన వచ్చింది, రాత్రి కూర్చుని చేసి చూశాను కూడా. ఏడు అంకెలకి బదులు ఒక కథలో ఏడుగురు మనుషులు. ప్రతి బిళ్ళా ఇద్దరి మధ్య ఒక సన్నివేశం, జోడు బిళ్ళంటే ఆ మనిషి ఒంటరిగా ఉన్న సన్నివేశం. బిళ్ళలు కలిపే నియమమే కథ నడిపించేస్తోంది, ఎందుకంటే ఒక సన్నివేశం నుంచి తర్వాతి దానిలోకి ఒక మనిషి తప్పకుండా రావాలి. అత్తగారూ పోస్ట్‌మ్యానూ మాట్లాడుకున్నారు, తర్వాత పోస్ట్‌మ్యాను ఒక్కడే, తర్వాత పోస్ట్‌మ్యానూ డాక్టరూ. డాక్టరుకి అత్తగారి సంగతి ఎంత చేరింది అన్నది మీరు రాసుకోవాలి. ఏడు బిళ్ళలు బోర్లా తీసుకుని కలిసినంతవరకు పేర్చి, అదే వరసలో చెప్పాలి. మామూలుగా నాకు కథ మధ్యలో ఆగిపోతుంది, ఇందులో ఆగలేదు. బాగా రాలేదు, అది వేరే విషయం.

తెలుగు పాఠానికి కూడా పనికొస్తుంది. అట్ట ముక్కలు కత్తిరించి ఒక సగంలో పదం, ఇంకో సగంలో వేరే పదాన్ని విడదీసి రాయండి. "మహర్షి" పక్కన "సూర్య + ఉదయం", తర్వాతి ముక్క మీద "సూర్యోదయం" పక్కన "అతి + అంత", దాని తర్వాత "అత్యంత" పక్కన "ఏక + ఏక". చివరి ముక్కలో "మహా + ఋషి" వచ్చేలా చూసుకుంటే వరస గుండ్రంగా మూసుకుంటుంది, ఎక్కడైనా తప్పు కలిపితే మూసుకోదు, దిద్దడానికి పెద్దవాళ్ళు అక్కర్లేదు.

నిలబెట్టేవాడు

చుక్కల పక్షం వాళ్ళు ఒకటి మర్చిపోయారు, నేనే గుర్తుచేస్తున్నా. నల్ల బిళ్ళల మీద తెల్ల చుక్కలు తీసుకుని దూరం నుంచి చూస్తే ఖాళీ గడి నలుపు, తొమ్మిది చుక్కల గడి దాదాపు తెలుపు, మధ్యలోవి బూడిద రంగులు. వీటితో మనుషుల ముఖాలు చేస్తారు. రాబర్ట్ బాష్ అనే గణితజ్ఞుడు నిండు సెట్లే వాడాలి, ఒక్క బిళ్ళ కూడా మిగలకూడదు, అదనంగా తేకూడదు అన్న నియమం పెట్టుకుని ఏ బిళ్ళ ఎక్కడ పడాలో కంప్యూటర్‌తో లెక్కలు కట్టించి చేస్తాడు. దగ్గరికి పోతే వట్టి డామినోలు, వెనక్కి నడిస్తే ముఖం. ఒక పెట్టెతో అయ్యే పని కాదు, అందుకే ముందు చెప్పలేదు.

లెక్కల_పంతులు

ఖాళీ_గడి గారూ, మీ అబ్బాయి ప్రశ్న మంచిది. పెద్ద సెట్‌తో కుదరదు. తొమ్మిది దాకా ఉండే సెట్‌లో 55 బిళ్ళలు, జోడులు పక్కన పెడితే ఒక్కో అంకె తొమ్మిది బిళ్ళల మీద ఉంటుంది, తొమ్మిది బేసి. పది అంకెలూ బేసి, కొసలేమో రెండే. కాబట్టి ఒక్కటి కూడా తీయకపోయినా 55నీ ఒకే వరసలో పేర్చడమే అసాధ్యం. గారడీ చేయాలంటే తొమ్మిదులన్నీ తీసేసి ఎనిమిది దాకా 45 బిళ్ళలతో చేయమనండి, అప్పుడు ఒక్కో అంకెకీ ఎనిమిది, మళ్ళీ సరి. అయిదు దాకా, ఏడు దాకా తీసుకుంటే ఎందుకు కుదరదో వాడినే చెప్పమనండి.

పాస్_అన్నాను

కొనడం గురించి నా మాట. నలుగురితో జట్టు ఆట ఆడేదాకా పెద్ద సెట్ కొనకండి. క్యూబాలో చాలాచోట్ల 55 బిళ్ళలతో ఆడతారు, తలా పది పంచుకుంటే 15 బోర్లా మిగిలిపోతాయి, వాటిని ఎవరూ తీయరు, అంటే ఎప్పటికీ తెలియని బిళ్ళలు 15. ఊహించడం ఇంకా కష్టం, సరదా కూడా ఎక్కువే, కానీ 28తో చేతులు చదవడం వచ్చాకే. మీ పెద్దాడికి పేకాటలో పట్లు తెలిస్తే టెక్సాస్‌లో ఆడే ఫార్టీటూ చూడమనండి, ఇవే 28 బిళ్ళలతో వేలంపాట పాడుకుని, తురుపు పెట్టుకుని ఆడతారు.

చైనా డామినోలు కొనకండి పొరపాటున, అవి 32 ఉంటాయి, ఖాళీలు ఉండవు, పాచికలు రెండు వేస్తే పడే 21 రకాల్లో 11 రెండేసి సార్లు వస్తాయి. పుట్టింది అక్కడే, ఆటలు మాత్రం పూర్తిగా వేరు. పైన చెప్పిన గారడీ, డామినోసా ఏవీ వాటితో కుదరవు.

ఖాళీ_గడి

సరే, పెద్ద సెట్ ఇప్పుడు వద్దు. ఆదివారం మా తమ్ముడూ మరదలూ వస్తున్నారు, జట్టు ఆటే పెడతాం. ఎన్ని పాయింట్ల దాకా ఆడాలి?

పాస్_అన్నాను

గెలిచిన జట్టుకి ఓడినవాళ్ళ చేతుల్లో మిగిలిన చుక్కలన్నీ పాయింట్లు, వంద దాకా ఆడటం మామూలు. కట్టయినప్పుడు ఇద్దరి చుక్కలూ కలిపి లెక్కపెట్టాలా, ఒక్కొక్కరివి విడిగా చూడాలా అన్నది మాత్రం పంచే ముందే ఒప్పుకోండి. భార్యాభర్తల్ని ఒకే జట్టులో వేయకండి.